ఐదక్షరాలు, చివర టీ

పదకొండున్నర దాటింది. తెల్లారినప్పట్నుంచీ మబ్బు పట్టి ఉంది గానీ ఒక్క చినుకు రాలలేదు. గాలి లేదు. రేకుల షెడ్డు కింద తాళాల కార్ఖానా మూత పెట్టిన గిన్నెలా ఉడుకుతోంది. రివెట్టుకి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వచ్చేశాడు. ఇంటావిడ పళ్ళెం ముందు పెట్టి పిలిచినా తినబుద్ధి కాలేదు. కిటికీ బల్ల ఎవరిదో ఇవాళ తేలిపోతుంది మరి.

రివెట్టు అనేది అతని పేరు కాదు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, దానితో పిలిస్తే అతనే పలకడు. ఇరవై రెండేళ్ళుగా తాళాల వెనక రేకుకి రివెట్లు దిగ్గొడుతున్నాడు. కాలితో తొక్కే ప్రెస్సు. ఒక్కో తాళానికి నాలుగు తొక్కుళ్ళు. రోజుకి ఎన్ని తాళాలో, ఎన్ని తొక్కుళ్ళో అతను లెక్కేసుకోలేదు గానీ కుడి మోకాలు మాత్రం లెక్క తప్పకుండా రాసుకుంది. ఇప్పుడు ఇంటి గడప దాటేటప్పుడు కూడా టక్కుమంటుంది.

ఆ షెడ్డులో అందరిదీ నిలబడి చేసే పనే. కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది, కిటికీ పక్క బల్ల దగ్గర. దాన్ని మాటల బల్ల అంటారు.

అక్కడ తయారయ్యేవి తాళంచెవి లేని తాళాలు. ఒక్కో తాళానికి ఐదు రింగులు, రింగుల మీద ఇంగ్లీషు అక్షరాలు. సరైన మాట వచ్చేలా తిప్పితే కొక్కెం ఊడి వస్తుంది. అయితే ఈ కార్ఖానా పెట్టిన పెద్దాయన, అంటే ఇప్పటి ఓనరు వాళ్ళ తాత, తన ఇంటిపేరు మొదటి అక్షరం ప్రతి తాళం మీదా ఉండాలని ముచ్చటపడ్డాడు. ఆ అక్షరం టీ. అందుకని నాలుగు రింగులే తిరుగుతాయి. ఐదోది బిగదీసేసిన రింగు, దాని మీద టీ ఒక్కటే. ఏ తాళం తియ్యాలన్నా ఐదక్షరాల మాట కావాలి, చివర టీ ఉండాలి.

"మాటకి చివర టీ ఉంటుంది గానీ పనికి మధ్యలో టీ ఉండదు, అదీ మన కార్ఖానా," అనేది పాలిష్ అక్క, కొత్తగా ఎవరు చేరినా.

మాటలు పెట్టే ముసలాయన దగ్గర నలభై ఎనిమిది మాటలుండేవి. అవే మాటలు ముప్ఫై ఏళ్ళు తిప్పి తిప్పి వాడాడు. చివరికి ఒక హాస్టలు వాళ్ళు తాళాలన్నీ తెచ్చి ఓనరు బల్ల మీద కుమ్మరించారు. ఒకడి మాటతో ఇంకొకడి పెట్టె తెరుచుకుంటోందట. పైగా, మాట అర్థం తెలియక చాలామంది దాన్నే మరిచిపోతున్నారట. ముసలాయన ఆ నెలే మానేశాడు. ఓనరు అందర్నీ పిలిచి చెప్పాడు: "కొత్త మాటలు కావాలి. ఐదక్షరాలు, చివర టీ. పక్కన అర్థం కావాలి. నెల రోజులు టైమిస్తున్నా. ఎవరు తెస్తే వాళ్ళదే కిటికీ బల్ల."

ఆ రోజు నుంచీ రివెట్టుకి నిద్రలో కూడా ఆ బల్లే. ఐదో తరగతితో బడి మానేసినవాడు, అయినా వెనక్కి తగ్గలేదు. మందుల షాపువాణ్ణి అడిగాడు, బస్సు కండక్టర్ని అడిగాడు, బేకరీవాణ్ణి అడిగాడు. ఐదు మాటలు పోగేసి చీటీ మీద రాసుకుని, ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని ఇవాళ ఓనరు ముందు నిలబడ్డాడు.

ఓనరు చీటీ తీసుకుని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "టాబ్లెట్. ఆరక్షరాలయ్యా. టికెట్. ఇదీ ఆరే. బిస్కెట్. అబ్బో, ఏడు! షర్ట్, లైట్ సరిపోయాయి. కానీ ఇవి ముసలాయన జాబితాలోవే కదా?"

"కొత్తగా రాశానండీ," అన్నాడు రివెట్టు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని.

అప్పుడు ప్యాకింగు వైపు నుంచి పేపరమ్మ వచ్చింది. చేరి ఆరు నెలలైనా కాలేదు. ముప్ఫై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళని ఒక్కొక్కటే తాకుతూ ఉంటుంది. ఓనరు చేతిలో ఒక నోట్‌బుక్కు పెట్టింది.

ఓనరు ఎక్కడ తెరిస్తే అక్కడ చదివాడు. "టోస్ట్, కాల్చిన రొట్టె. రోస్ట్, నిప్పుల మీద వేపుడు. వీట్, గోధుమ. ఫ్రూట్, పండు. ఫీస్ట్, విందు..."

రివెట్టు కడుపు అందరికీ వినపడేలా గుర్రుమంది.

"చూశారా, రివెట్టు పొట్ట కూడా ఒప్పేసుకుంది!" అంది పాలిష్ అక్క.

నోట్‌బుక్కులో మూడొందల పైచిలుకు మాటలున్నాయి. కిటికీ బల్ల పేపరమ్మకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం రివెట్టు క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

*

పేపరమ్మ ఆ మాటలు ఎక్కడ పట్టిందో ఆమె నోటి నుంచే అందరూ విన్నారు. ఆరో తరగతిలో బడి మానేసింది. తండ్రి పోయాక మేనమామ ఆమెని పాత పేపర్ల కొట్టులో పెట్టాడు. పద్దెనిమిదేళ్ళు అక్కడే. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పేపర్లు సైజువారీగా చింపి కట్టలు కట్టడం పని. ఇంగ్లీషు పేపర్లలో మాటలు నింపే గళ్ళ ఆటలుండేవి. ఎవరెవరి ఇళ్ళలోనో సగం పూర్తిచేసి, రాక వదిలేసిన గళ్ళు. ఐదు ఖాళీ గళ్ళు, చివరి గడిలో మాత్రం ఎవరో పెట్టిన అక్షరం. పక్కన సూచన.

"ఎవరో ఎక్కడో కూర్చుని బుర్ర గోక్కుని వదిలేశారు గదా, పాపం, ఆ ఒక్కటీ నింపేద్దాం అనిపించేది," అనేది పేపరమ్మ. "జవాబు మర్నాటి పేపర్లో వేస్తారు. కానీ మర్నాటి పేపరు మా కొట్టుకి రావాలని ఎక్కడుంది? ఒక్కోదానికి రెండేళ్ళు ఆగాను."

దొరికిన మాటల్ని ఆమె మొదటి అక్షరం చూసి రాసుకోలేదు. ఎన్ని గళ్ళు, చివర ఏ అక్షరం, అలా రాసుకుంది. గళ్ళ ఆటలో అదే పనికొస్తుంది. నాలుగు గళ్ళవి ఒక చోట, ఐదు గళ్ళవి ఇంకో చోట. పెళ్ళయ్యింది, మూడేళ్ళకే ఆయన ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసింది. "ఆ సంగతీ పేపర్లోనే చదివావా ఏంటి?" అని పాలిష్ అక్క అడిగితే, "లేదక్కా, అది మర్నాటి పేపర్లో కూడా రాలేదు," అని నవ్వింది. ఆ కొట్టు మూసేశాక నోట్‌బుక్కులన్నీ సంచిలో వేసుకుని ఇక్కడికొచ్చింది. అలాంటి మనిషికి, ఐదక్షరాలు చివర టీ కావాలని ఓనరు అడగడం అంటే... రివెట్టు ఎంత ఆలోచించినా ఒక్కటే తోచేది. తను ఇరవై రెండేళ్ళు తొక్కి తొక్కి చేరలేని చోటుకి ఆవిడ చిత్తు కాగితాల మీద నడిచి వచ్చేసింది.

పని ఇలా సాగేది. పేపరమ్మ ప్రతి తాళంలోనూ ఒక మాట వచ్చేలా రింగులు అమర్చి, కొక్కెం తెరిచి, ట్రేలో పెడుతుంది. ట్రేకి అరవై గుంటలు, వరసకి పది. ఆ ట్రే రివెట్టు దగ్గరికి వస్తుంది. అతను వెనక రేకు బిగించి తిరిగి పంపుతాడు. అప్పుడామె తెరిచి ఉన్న ఒక్కో తాళం మీది మాట చూసి, చిన్న చీటీ మీద ఆ మాట, పక్కన మన భాషలో అర్థం రాసి దారంతో కడుతుంది. చీటీ కట్టాకే కొక్కెం నొక్కి రింగులు చెదరగొట్టాలి. ముందే నొక్కితే ఆ మాట ఇక దొరకదు, రివెట్లు పడ్డాక తాళం విప్పడానికీ లేదు. కోసి తుక్కులో వేసుకోవాల్సిందే. అందుకే గోడ మీద ఎర్ర రంగుతో పెద్దగా రాసి ఉంది: చీటీ లేకుండా కొక్కెం నొక్కరాదు.

ఆ అక్షరాల ఎదురుగానే రివెట్టు ప్రెస్సు.

తొక్కుతూ తొక్కుతూ కిటికీ వైపు చూసేవాడు. ఆమె కూర్చుని ఉండేది. అదే అతనికి మండేది. రాయడం కాదు, చదవడం కాదు, కూర్చోవడం. కిటికీలోంచి గాలొస్తే ఆమె మెడ మీద చెమట ఆరిపోయేది. మధ్యాహ్నం అన్నం దగ్గర అందరూ ఆమె చుట్టూ చేరేవాళ్ళు. మనిషికో మాట పంచేది. పాలిష్ అక్కకి ఒక రోజు "గోస్ట్" ఇచ్చింది, అంటే దెయ్యం. అక్క వారం రోజులు గర్వంగా తిరిగింది. అంతకుముందు ఆ అన్నం వేళ రివెట్టు చెప్పే కబుర్ల వేళ. పాత ఓనరు సైకిలు పోగొట్టుకున్న కథ అతను చెబితే ఎన్నిసార్లైనా నవ్వేవాళ్ళు. ఇప్పుడు మొదలుపెడితే, "అది అయిపోయిందిగా రివెట్టూ, ఉండు, పేపరమ్మ ఏదో చెప్తోంది," అంటున్నారు.

"అన్నా, నీకూ ఒక మాట పెట్టాను," అంది ఆమె ఒకసారి. "జెయింట్. అంటే మహా బలం ఉన్నవాడు. ప్రెస్సు తొక్కే కాలు నీది."

"ఆ కాలే పోయింది," అన్నాడు రివెట్టు. వెక్కిరించిందనే అనుకున్నాడు. ఆమె మొహం చూస్తే అలా లేదు. అలా లేనందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇంటికెళ్తే అక్కడా అదే గోల. ఇంటావిడకి కూరగాయల కొట్టు దగ్గర పేపరమ్మతో స్నేహం కలిసింది.

"ఇవాళ నాకు 'స్వెట్' చెప్పిందయ్యా. చెమటట. ఎంత మంచి మనిషో."

"నీ నోట ఆవిడ తప్ప ఇంకో ఊసు లేదా?"

"ఉంటే బాగుండు. ఇన్నేళ్ళలో నువ్వు నాతో ఆడిన మాటలన్నీ కలిపి రాసినా ఆ నోట్‌బుక్కులో అరపేజీ నిండదు."

"నువ్వు ఆడనిస్తేగా!"

"అదిగో, ఇవాళ్టి కోటా అయిపోయింది," అని ఆవిడ గిన్నెలు తోముకోవడానికి లేచింది.

ఎవరికీ చెప్పకుండా రివెట్టు పాత పుస్తకాల బండి మీద అరచేతిలో పట్టే డిక్షనరీ ఒకటి కొన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు పెరట్లో ఆరేసిన బట్టల వెనక స్టూలేసుకుని కూర్చునేవాడు. తీరా చూస్తే డిక్షనరీలో మాటలు మొదటి అక్షరం ప్రకారం ఉంటాయి. చివర టీ ఉన్నవి ఎక్కడున్నాయో అది చెప్పదు. ప్రతి మాటకీ వేళ్ళు మడవాలి, చివర చూడాలి. నాలుగు ఆదివారాలు మడిచాడు. పదకొండు మాటలు దొరికాయి. సోమవారం ఏదో పని ఉన్నట్టు కిటికీ బల్ల దగ్గరికెళ్ళి ఆమె నోట్‌బుక్కు వైపు ఓరగా చూస్తే, ఆ పదకొండూ ఎదురుగా ఉన్న ఒక్క పేజీలోనే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు ఆమె ఏం చేసిందో అతనికి అర్థమైంది. మామూలుగా అయితే అలా అర్థమైనప్పుడు మనిషి మీద గౌరవం కలుగుతుంది. అతనికి కలిగింది కూడా. దాంతో పాటు కుళ్ళు కూడా.

*

అది ఇంకో హాస్టలు పని. అరవై తాళాలు, సాయంత్రం ఐదింటికి బండి వస్తుంది. ఆ పొద్దునే ఓనరు ఒక కొత్త కుర్చీ తెప్పించాడు. చేతులున్న కుర్చీ, మెత్త ఉన్న కుర్చీ.

"రివెట్టూ, కాస్త దీన్ని కిటికీ దగ్గర వేసి రావయ్యా."

"అన్నకి మోకాలు బాలేదు సార్, నేను తెచ్చుకుంటా," అంది పేపరమ్మ, అందరి ముందూ.

"నాకేం కాలేదు," అని అతను కుర్చీ ఎత్తాడు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి ముప్ఫై అడుగులు. పది అడుగులకోసారి మోకాలు టక్కుమంది. కుర్చీ కిందికి దించాక పేపరమ్మ, "ఒకసారి కూర్చో అన్నా, ఎలా ఉందో చూసి చెప్పు," అంది.

కూర్చున్నాడు. మెత్త కిందికి దిగి అతణ్ణి పట్టుకుంది. మోకాలికి ప్రాణం లేచొచ్చింది. కిటికీలోంచి గాలి వచ్చి మొహం మీద పడింది. ఆ ఒక్క క్షణం అతనికి ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"లేవయ్యా లేవయ్యా, కుర్చీకి రివెట్టు పడిపోయేలా ఉంది!" అంది పాలిష్ అక్క. షెడ్డంతా గొల్లుమంది. అతను లేచాడు. ప్రెస్సు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి ఆ అరవై తాళాలకీ రివెట్లు దిగ్గొట్టాడు.

మధ్యాహ్నం అందరూ వెనక వసారాలో అన్నాలకి కూర్చున్నారు. రివెట్టు నాలుగు ముద్దలు మింగి, నీళ్ళ సీసా మరిచిపోయానని లోపలికొచ్చాడు. కిటికీ బల్ల మీద ట్రే ఉంది. పక్కన కత్తిరించి పెట్టిన ఖాళీ చీటీల కట్ట. అరవై తాళాలూ కొక్కేలు తెరుచుకుని ఆమె మాటలనే పలుకుతున్నట్టున్నాయి.

మొదటిది నొక్కాడు. టక్కుమంది. రింగులు గిరగిరా తిప్పేశాడు. రెండోది నొక్కాడు. తర్వాత ఇక ఆగలేదు. ఎంత కుళ్ళులో ఉన్నా పని అలవాటు మాత్రం పోలేదు. ఏ గుంటలోంచి తీసిన తాళాన్ని ఆ గుంటలోనే జాగ్రత్తగా పెట్టాడు. అరవయ్యోది నొక్కి, సీసా పట్టుకుని వసారాకి వచ్చి, చల్లగా తన చోట కూర్చున్నాడు.

ముందు చూసింది పాలిష్ అక్క. ఆమె కేక విని అందరూ ట్రే చుట్టూ మూగారు. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు? ఎవరీ పని చేసింది? ఐదింటికి బండి! ఇవన్నీ తుక్కే ఇక!"

పేపరమ్మ ట్రే వైపు చూసింది. తర్వాత ఒక్కొక్కరి చేతుల వైపు చూసింది. రింగులు సాఫీగా తిరగడానికి లోపల నల్ల పొడి వేస్తారు. పెన్సిలు ముక్క నూరినట్టుండే పొడి. రింగులు తిప్పిన బొటనవేలికి అది పట్టుకుంటుంది, ఒక పట్టాన వదలదు. రివెట్లు కొట్టే చేతికి నూనె జిడ్డు ఉంటుంది గానీ ఆ పొడి అంటదు. రివెట్టు రెండు బొటనవేళ్ళూ నల్లగా ఉన్నాయి. ఆమె చూపు అక్కడ పడిందని అతనికి తెలిసింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనే సార్," అంది పేపరమ్మ. "అన్నం తొందర్లో చీటీలు రాశాననుకుని నొక్కేశాను. నాకు బుద్ధి లేదు."

ఓనరు నోరెళ్ళబెట్టాడు. "నువ్వా?"

"తాళాలన్నీ మళ్ళీ నేనే తీసేస్తాను సార్. ఎవరైనా పక్కన కూర్చుని చీటీలు రాయాలి. అన్నని కూర్చోమనండి."

అలా రివెట్టు స్టూలు లాక్కుని కిటికీ బల్ల దగ్గర కూర్చున్నాడు. పేపరమ్మ కళ్ళు మూసుకుని, బొటనవేలితో వేళ్ళు తాకుతూ, మొదటి తాళం తీసింది. రింగులు తిప్పింది. కొక్కెం లాగింది. ఊడొచ్చింది.

"టోస్ట్. కాల్చిన రొట్టె. రాయన్నా."

రాశాడు.

"మొదటి వరసంతా తిండే. రోస్ట్. ఫీస్ట్..." ఆమె వరసకో రకం పెట్టుకుందట, అందుకే గుర్తుందట. ఏ తాళం ఎక్కడిదో అక్కడే ఉండబట్టి పని నడుస్తోంది. రెండో వరస మనుషులు. గెస్ట్ చుట్టం, సెయింట్ పుణ్యాత్ముడు, గోస్ట్ దెయ్యం. "దెయ్యం మనుషుల్లో ఎందుకమ్మా?" అంది పాలిష్ అక్క వెనక నుంచి. "ఒకప్పుడు మనిషే కదక్కా," అంది పేపరమ్మ, తాళం మీంచి చూపు తిప్పకుండా. మూడో వరస ఒళ్ళు. హార్ట్ గుండె, చెస్ట్ ఛాతీ, రిస్ట్ మణికట్టు. నాలుగో వరసలో రెండు ఎంత తిప్పినా రాలేదు. వాటిని పక్కన పెట్టింది.

ఐదో వరసకి వచ్చేసరికి షెడ్డు సద్దుమణిగింది. ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

"చీట్," అంది పేపరమ్మ. "మోసం చేయడం."

రాశాడు.

"థెఫ్ట్. దొంగతనం."

రాశాడు.

"ఫాల్ట్. తప్పు."

చీటీ మీద నల్ల బొటనవేలి ముద్ర పడింది. తుడవబోతే ఇంకా అలుక్కుంది. ఆమె ఆ చీటీ తీసుకుని, చించి, ఇంకో ఖాళీ చీటీ అతని ముందు పెట్టింది.

"రింగులు తిప్పితే నాకూ అలాగే అంటుకుంటుందన్నా," అంది మెల్లగా. "కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది."

అతను అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అప్పటికే తర్వాతి తాళం తీసి, "డౌట్, అనుమానం," అంది. అతను అది రాసుకున్నాడు.

ఐదింటికి బండి వచ్చేసరికి యాభై ఎనిమిది సిద్ధం. రెండిటికి బదులు వేరేవి పెట్టి పంపేశారు. ఓనరు మెచ్చుకున్నాడు, కోప్పడ్డాడు కూడా. "బుర్ర బంగారమే, కానీ నిదానం లేదమ్మా నీకు. రెండు వారాలు ప్యాకింగులోకి పో. బుద్ధి కుదుటపడ్డాక చూద్దాం. అందాకా ప్రెస్సుకి ఇంకొకర్ని పెడతా, ఇక్కడ రివెట్టు కూర్చుంటాడు. చీటీలు పొందిగ్గానే రాశాడు."

*

రివెట్టు ఆ కుర్చీలో కూర్చున్నాడు. మోకాలు నాలుగు రోజుల్లో నెమ్మదించింది. ఇంటి గడప చప్పుడు లేకుండా దాటాడు. ఇంటావిడ కూడా కనిపెట్టింది. "ఏంటీ, ఇవాళ టక్కు వినపళ్ళేదే?" అంది. ఆ పూట ఆవిడతో చాలాసేపు కబుర్లాడాడు. అరపేజీ పైనే ఉంటుంది.

నోట్‌బుక్కు పేపరమ్మ తీసుకెళ్ళలేదు. "బల్ల ఎవరిదైతే మాటలు వాళ్ళవి," అని సొరుగులోనే వదిలేసింది. అందులోంచి చూసి అతను రింగులు అమర్చేవాడు. తప్పులు దొర్లేవి. ప్యాకింగులో తాళాలు పెట్టెల్లో సర్దుతూ ఆమె పట్టేసేది. ఓనరు దాకా వెళ్ళనివ్వకుండా, చేతిలో దాచుకుని తెచ్చి, "అన్నా, ఈ పెట్టెలో రెండు ఒకే మాటవి వచ్చాయి, మార్చు," అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. ఒక్కసారి కూడా ఆ మధ్యాహ్నం సంగతి ఎత్తలేదు. కళ్ళతో కూడా అడగలేదు.

అదే అతను భరించలేకపోయాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. ఇప్పుడు కుర్చీ తనదే, గాలి తనదే, కానీ అన్నం వేళ అందరూ ప్యాకింగు వైపే చేరుతున్నారు. నవ్వులు అక్కడే. ఆమె ఏమీ లేకుండా నిలబడి కూడా తనకంటే బాగుంది. చోటు లాక్కున్నా ఆమెలో ఏదీ తగ్గలేదే! రోజూ పొద్దున్నే అనుకునేవాడు, ఇవాళ ఓనరుతో చెప్పేస్తాను, నేనే నొక్కానని. కుర్చీలో కూర్చోగానే, రేపు చూద్దాంలే అనుకునేవాడు.

రెండు వారాలూ అయిపోయాయి. సోమవారం ఓనరు షెడ్డులోకి వచ్చాడు. పేపరమ్మని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"ఏమయ్యా రివెట్టూ, మోకాలు ఎలా ఉంది?"

"ఫర్వాలేదండీ."

"మరి ప్రెస్సు దగ్గరికి వెళ్తావా? ఈవిడ బల్ల ఈవిడకి ఇచ్చేద్దామా? నువ్వే చెప్పు, ట్రే నీ చేతుల మీదుగా పోతుంది కదా, నీకే తెలియాలి."

పేపరమ్మ అతని వైపు చూసింది. ఆ చూపులో ఏ బెదిరింపూ లేదు. సగం నింపిన గళ్ళ ముందు కూర్చున్న మనిషిలా ఓపిగ్గా చూస్తోంది. ఒక్క మాట. అతను ఒక్క మాట అంటే చాలు.

రివెట్టు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"మాటలు బాగా తెలుసండీ ఆవిడకి, కాదనను," అన్నాడు. "కానీ ఆ మతిమరుపే... అరవై తాళాలు అలా నొక్కేసిన మనిషి. మళ్ళీ నొక్కదని ఏముంది? తమరి ఇష్టం."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే," అన్నాడు. "సరే, ఇలాగే కానీండి కొన్నాళ్ళు."

పేపరమ్మ బొటనవేలు ఒక వేలి దగ్గర ఆగిపోయింది. తిరిగి ప్యాకింగు వైపు నడిచింది.

రివెట్టు తల వంచుకుని రింగులు అమర్చుకుంటున్నాడు గానీ చెవులు అటే ఉన్నాయి. ఆమె సగంలో ఉన్న పెట్టె పూర్తిగా సర్దింది. పురికొస చుట్టి ముడి వేసింది. ఆ ముడి బిగువుగా ఉందో లేదో లాగి చూసింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కున్న చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

కిటికీలోంచి చూస్తే ఆమె వీధిలో ఉంది. చేతిలో విప్పని క్యారేజీ. అన్నాల వేళకి ఇంకా అరగంట ఉంది.

"అదేంటి, పేపరమ్మ అటు పోతోంది?" అంది పాలిష్ అక్క, అతని భుజం మీంచి తొంగిచూస్తూ. "ఏమైనా చెప్పిందా నీతో?"

"లేదే," అన్నాడు రివెట్టు. "ఒక్క మాట కూడా చెప్పలేదు."

పిలవొచ్చు. కిటికీ తెరిచే ఉంది, కేకేస్తే వినపడే దూరం. సొరుగులో నోట్‌బుక్కు ఉంది, కనీసం అది మరిచిపోయావని అరవొచ్చు. అతను కుర్చీలోంచి లేవలేదు. ఆమె వెనక్కి చూడకుండా, చెమట కూడా తుడుచుకోకుండా, వీధి చివరిదాకా నడిచింది. ఆ నడకలో ఎక్కడా కుంటు లేదు. మోకాళ్ళు రెండూ సాఫీగా, తేలిగ్గా పడుతున్నాయి.

దానికి కూడా అతనికి కుళ్ళు పుట్టింది.